వీసా గడువు ముగిసింది. మా అబ్బాయి అక్రమంగా ఉన్నట్టేనా?

తెనాలి తల్లి
2025 జూన్ 9, ఉదయం 6:40

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ వంటల విభాగంలో తప్ప ఎక్కడా రాసినదాన్ని కాదు. ఇది సరైన చోటు కాకపోతే నిర్వాహకులు మార్చండి.

మా అబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. హెచ్-1బి ఉద్యోగ వీసా. ఒక సంబంధం వచ్చింది. పెళ్లివారు జీతం అడగలేదు, గోత్రం అడగలేదు, ముందు వీసా కాపీ పంపమన్నారు. వాడు నిరుడు ఫిబ్రవరిలో చెల్లెలి పెళ్లికి వచ్చినప్పుడు పాస్‌పోర్టులో ఆ పేజీ ఫోటో తీసి దాచుకున్నాను. ఫోనులో వెతికి పంపబోతుంటే మా పక్కింటాయన చూశారు. మండల కార్యాలయంలో పనిచేసి రిటైరైన మనిషి, కాగితాలు బాగా చూస్తారు. "ఇది 2024 సెప్టెంబరులోనే అయిపోయిందమ్మా. అంటే మీవాడు ఇప్పుడు అక్రమ వలసదారుడే. మొన్న సంకెళ్లు వేసి విమానంలో పంపారే, ఆ లెక్కలోకే వస్తాడు" అన్నారు.

రాత్రంతా నిద్ర లేదు. వాడిని అడిగితే "ఏమీ కాదమ్మా, అందరికీ అంతే" అంటాడు. అందరికీ అంతే అంటే ఏమిటో ఎవరైనా చెప్పండి బాబూ.

చట్టంపేజీ
జూన్ 9, ఉదయం 7:55

అమ్మగారూ, నేను న్యూజెర్సీలో ఒక వలస న్యాయవాది దగ్గర సహాయకురాలిగా పనిచేస్తాను. న్యాయవాదిని కాను, ఆ సంగతి ముందే చెబుతున్నాను. కానీ రోజూ ఈ కాగితాలే చూస్తాను.

మీ పక్కింటాయన తేదీ సరిగ్గానే చదివారు, కాగితాన్ని తప్పుగా చదివారు. పెళ్లి సంబంధం మాట వచ్చింది కాబట్టి ఆ భాషలోనే చెబుతాను. వీసా శుభలేఖ లాంటిది. అది చూపిస్తే గుమ్మం దగ్గర మిమ్మల్ని పలకరిస్తారు. లోపలికి వచ్చాక ఎన్నాళ్లు ఉండవచ్చో విడిది గది ఇచ్చినవాళ్లు చెబుతారు, శుభలేఖ చెప్పదు. అమెరికాలో ఆ విడిది లెక్క పేరు ఐ-94. విమానాశ్రయంలో సరిహద్దు అధికారి నమోదు చేసే రికార్డు అది. ఏ హోదాలో ప్రవేశించాడు, ఏ తేదీ వరకు ఉండవచ్చు అన్నది అందులో ఉంటుంది. దాన్నే ఇక్కడివాళ్లు 'స్టేటస్' అంటారు. వీసా ఇచ్చేది విదేశాంగ శాఖ, స్టేటస్ చూసేది హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ. రెండు వేర్వేరు ఇళ్లు.

కాబట్టి పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు ముగిసినా, స్టేటస్ ఉన్నంతకాలం మీ అబ్బాయి సక్రమంగానే ఉన్నట్టు. మళ్లీ ఇండియాకు వస్తే మాత్రం తిరిగి వెళ్లడానికి కొత్తగా స్టాంపింగ్, అంటే వీసా ముద్ర, వేయించుకోవాలి. అంతే.

ఒక్క పని చేయమనండి. సరిహద్దు భద్రతా విభాగం వారి వెబ్‌సైటులో పాస్‌పోర్టు నంబరు ఇస్తే ఐ-94 కనిపిస్తుంది. ఆ తేదీ ఒకసారి చూడమనండి. కంపెనీ ఇచ్చిన ఆమోదపత్రం మీద తేదీ కాదు, వెబ్‌సైటులోది.

తెనాలి తల్లి
జూన్ 9, ఉదయం 8:20

నీ నోట్లో పంచదార పొయ్య తల్లీ. ఇప్పుడు కాఫీ తాగుతున్నాను. ఐ-94 చూడమని వాడికి మెసేజ్ పెట్టాను. అక్కడ రాత్రి కదా, రేపు చూస్తాడు.

సూటిమాట
జూన్ 9, ఉదయం 10:05

అమ్మగారూ, మీ అబ్బాయి గురించి బెంగ పెట్టుకోకండి. హెచ్-1బి మీద వచ్చి పన్నులు కట్టేవాళ్లను అక్రమం అనడం అజ్ఞానం. కానీ ఈ గందరగోళం ఎందుకు వచ్చింది? సరిహద్దు కంచెలు దూకినవాళ్లను, మమ్మల్ని ఒకే గాటన కట్టడం వల్ల. నా ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్‌కార్డు వరుసలో నా స్థానం లెక్కించే తేదీ, 2014 మార్చి. ఏ దేశానికైనా ఏటా 7 శాతం మించి గ్రీన్‌కార్డులు రావు కాబట్టి పదకొండేళ్లుగా వరుసలో నిలబడి ఉన్నాను. నాన్న పోయినప్పుడు స్టాంపింగ్ దొరుకుతుందో లేదోనన్న భయంతో వెళ్లలేదు. వరుస తప్పి వచ్చినవాళ్లను అక్రమ వలసదారులు అంటే ఇప్పుడు కొందరికి కోపం వస్తోంది. అక్రమాన్ని అక్రమం అనకపోతే ఏమనాలి?

పదకోశం
జూన్ 9, మధ్యాహ్నం 1:30

సూటిమాట గారూ, మీ నాన్నగారి విషయం చదివి బాధ కలిగింది. మాట విషయంలో మాత్రం మీతో పేచీ ఉంది. ముప్పై ఏళ్లు పత్రిక డెస్కులో కూర్చున్నవాణ్ణి, ఆ పేచీ నా వృత్తి.

తెలుగులో 'అక్రమ' అన్న విశేషణం ఎక్కడెక్కడ వాడతామో చూడండి. అక్రమ నిర్మాణం, అక్రమ రవాణా, అక్రమ తవ్వకాలు, అక్రమ ఆస్తులు. అన్నీ పనులు, వస్తువులు. లైసెన్సు లేకుండా బండి నడిపినవాణ్ణి 'అక్రమ చోదకుడు' అని ఎవరూ రాయరు. పన్ను ఎగవేసినవాణ్ణి 'అక్రమ పౌరుడు' అనరు. ఇల్లు అనుమతి లేకుండా మూడో అంతస్తు లేపితే ఇల్లే అక్రమం, యజమాని మాత్రం గౌరవనీయుడే! మనిషి నెత్తినే ఆ మాట పెట్టింది ఒక్క వలసదారుడి విషయంలో. అదీ మనం పుట్టించింది కాదు, ఇంగ్లిషు వార్తాసంస్థల తీగల మీద వచ్చినదాన్ని రాత్రి పదకొండు గంటలకు తొందరలో తెనుగు చేసినది. నేనూ చేశాను.

ఆ ఇంగ్లిషువాళ్లే మానుకున్నారు. అసోసియేటెడ్ ప్రెస్ తన శైలి పుస్తకంలో 2013 ఏప్రిల్‌లో మార్పు చేసింది. అక్రమం అన్నది పనికే వాడండి, మనిషికి వాడకండి అని. అంతకు చాలా ముందు, 1975లోనే, ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తన అధికార పత్రాలలో 'పత్రాలు లేని వలస కార్మికులు' లేదా 'క్రమబద్ధం కాని వలస కార్మికులు' అనే మాటలు వాడాలని తీర్మానించింది. యాభై ఏళ్లయింది. మా డెస్కుకు ఇంకా చేరలేదు.

సూటిమాట
జూన్ 9, మధ్యాహ్నం 2:10

బాగుంది. కానీ 'పత్రాలు లేనివారు' అన్నది మాత్రం నిజమా? వాళ్లలో చాలామంది విజిటర్ వీసాతో, విద్యార్థి వీసాతో దర్జాగా విమానం దిగినవాళ్లే. పత్రాలు అరలో భద్రంగా ఉన్నాయి, గడువు లేదు. ఒక తప్పు మాట తీసి ఇంకో తప్పు మాట పెడితే గౌరవం అవుతుందా? పైగా అనుమతి లేకుండా సరిహద్దు దాటడం ఇక్కడ నేరం, చట్టంలో ఉంది. దాన్ని దాచడం ఎందుకు?

చట్టంపేజీ
జూన్ 9, సాయంత్రం 4:45

ఈ విషయంలో సూటిమాట అన్నయ్యగారిది న్యాయమైన ప్రశ్న. అధికారి కళ్లుగప్పి సరిహద్దు దాటడం నేరమే, మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. కానీ అనుమతితో వచ్చి గడువు దాటి ఉండిపోవడం దానంతట అది నేరం కాదు, పౌర ఉల్లంఘన. తిప్పి పంపవచ్చు, జైలు శిక్ష వేసే నేరం మాత్రం కాదు. 2012లో అరిజోనా రాష్ట్రంపై వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా రాసింది. అందుకే ఇద్దరినీ ఒకే మాటతో పిలిస్తే, మర్యాద సంగతి తర్వాత, ముందు లెక్కే తప్పుతుంది.

మా ఆఫీసులో మేము చేసేది చాలా మామూలు పని. మనిషికి పేరు పెట్టము, ఏం జరిగిందో రాస్తాము. 'తనిఖీ లేకుండా ప్రవేశించారు.' 'గడువు దాటి ఉన్నారు.' 'ఆశ్రయం కోరుతూ దరఖాస్తు చేశారు.' 'ఉద్యోగం పోయింది, అరవై రోజుల వెసులుబాటులో ఉన్నారు.' ఈ నాలుగో రకం మనవాళ్లే ఎక్కువ. 2017 నుంచి హెచ్-1బి వారికి ఉద్యోగం పోతే అరవై రోజుల వరకు ఊపిరి పీల్చుకునే వీలు ఇచ్చారు. అరవై ఒకటో రోజున ఆ మనిషిని ఏమని పిలుస్తారు? పక్క క్యూబికల్‌లో మీతో భోంచేసిన మనిషే కదా.

ఇంకో చిక్కు ఉంది. స్టేటస్ ఉండటం, లేకపోవడం అని రెండే అరలు లేవు. గ్రీన్‌కార్డు చివరి దరఖాస్తు వేసి ఎదురుచూస్తున్నవారికి హెచ్-1బి ముగిసిపోయినా ఉండటానికి ప్రభుత్వం ఒప్పుకుంటుంది. స్టేటస్ లేదు, కానీ నివాసం అనుమతితోనే. ఆశ్రయం కోరిన దరఖాస్తు నడుస్తున్నవారిదీ దాదాపు అదే స్థితి. ఇలా నడిమి అర ఒకటి ఉందని తెలియకపోవడం వల్లే "ఫలానావాళ్లు ఇల్లీగల్ అట" అన్న కబుర్లు పుడతాయి.

ఎడారిబాట
జూన్ 9, రాత్రి 9:50

నాది జగిత్యాల దగ్గర పల్లె. మీరంతా అమెరికా మాట్లాడుతున్నారు, మధ్యలో నేను దుబాయ్ మాట్లాడితే తప్పుగా అనుకోకండి అన్నా.

కంపెనీ వీసా మీద భవన నిర్మాణానికి వెళ్లాను. ఏజెంటుకు కట్టడానికి మూడు రూపాయల వడ్డీకి అప్పు చేశాను. అక్కడ ఐదు నెలలు జీతం ఇవ్వలేదు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే. అడిగితే రేపు అనేవారు. చివరికి బయటికి వచ్చి వేరేచోట రోజుకూలీకి చేరాను. ఆ మరుసటి వారం కంపెనీ నేను పారిపోయానని ఫిర్యాదు పెట్టింది. ఆ ఒక్క కాగితంతో నేను ఖల్లివెల్లి అయ్యాను.

ఈ మాట కోస్తావాళ్లకు తెలుసో లేదో. అరబ్బీలో 'ఖల్లి వల్లి' అంటే పోనీ, వదిలెయ్ అని. గల్ఫ్‌లో ఉన్న మన ఊళ్లవాళ్లు కాగితాలు లేకుండా తిరిగేవాణ్ణి ఖల్లివెల్లి అంటారు. వదిలేసిన మనిషి. మూడేళ్లు అలాగే బతికాను. జ్వరం వస్తే ఆసుపత్రికి పోలేదు. అమ్మ కాలు విరిగితే రాలేదు. గదిలో పన్నెండుమందిమి ఉంటే ఎవరికి అకామా, అంటే నివాస అనుమతి, ఉంది, ఎవరికి లేదు అన్నది ఎవరూ పైకి అడగరు. అది అక్కడి మర్యాద. లేనివాడి పేరు బజారులో గట్టిగా పిలవరు.

2018లో అక్కడి ప్రభుత్వం ఆగస్టు నుంచి డిసెంబరు దాకా వెసులుబాటు ఇచ్చింది. కాన్సులేట్‌లో ఔట్‌పాస్, అంటే పాస్‌పోర్టు లేనివాళ్లు ఇంటికి వచ్చేందుకు ఇచ్చే కాగితం, తీసుకుని వచ్చేశాను. మన పేపర్లలో దానికి వేసిన పేరు 'క్షమాభిక్ష'. చదివి నవ్వుకున్నాను. క్షమ నాకు, భిక్ష నాకు. ఐదు నెలల జీతం ఎగ్గొట్టినవాడికి ఏ పేరూ లేదు.

పదకోశం
జూన్ 9, రాత్రి 10:25

ఎడారిబాట గారూ, 'క్షమాభిక్ష' శీర్షిక నేను కనీసం పదిసార్లు పెట్టి ఉంటాను. ఇంకేమీ అనలేను.

రాయచోటి
జూన్ 9, రాత్రి 11:15

కువైట్‌లో ఇంకో తిరకాసు. నా అకామా చెల్లుతుంది. కానీ 20 నంబరు, అంటే ఇంటిపని వీసా. 18 నంబరు, అంటే కంపెనీ వీసావాళ్లు చేసే దుకాణం పనిలో కనబడితే పట్టుకుంటారు. కాగితం ఉంది, తేదీ ఉంది, అయినా తప్పే. మీ ఐ-94లో ఇలాంటిది ఉందా?

చట్టంపేజీ
జూన్ 10, ఉదయం 6:30

ఉంది అన్నా. హెచ్-1బి వ్యక్తి తనకు అనుమతి ఇచ్చిన కంపెనీకి కాకుండా వారాంతంలో వేరేచోట జీతానికి పనిచేస్తే స్టేటస్ పోయినట్టే, తేదీ ఎంత దూరం ఉన్నా. చదువుకునే పిల్లలు పెట్రోలు బంకుల్లో, హోటళ్లలో నగదుకు పనిచేయడం అదే తప్పు. వాళ్లను మన ఇళ్లలో 'పార్ట్‌టైం చేసుకుంటున్నాడు, కష్టజీవి' అంటాము. అదే పని వేరే దేశంవాడు చేస్తే పేరు మారుతుంది.

పాతకాపు
జూన్ 10, ఉదయం 8:00

నేను 1996లో వచ్చాను. ఇక్కడి చర్చ చూస్తే మనవాళ్లకు జ్ఞాపకశక్తి తక్కువేమో అనిపిస్తోంది.

2011 జనవరిలో కాలిఫోర్నియా ప్లెసంటన్‌లో ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం అని ఒకటి మూతపడింది. చదువు లేదు, వీసా కాగితాల వ్యాపారం. అందులో చేరినవాళ్లు ఎక్కువమంది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. మన విదేశాంగ శాఖ అభ్యంతరం చెప్పింది. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్. అది ఇంకా విచిత్రం, ఆ విశ్వవిద్యాలయాన్ని పెట్టిందే ప్రభుత్వ ఏజెంట్లు, ఎర వేయడానికి. సుమారు 130 మంది విద్యార్థులను పట్టుకున్నారు, ఒకరిద్దరు తప్ప అంతా భారతీయులు, అందులో మన పిల్లలు ఎందరో. 8 మంది దళారులపై కేసులు పెట్టారు, వారిలోనూ మనవాళ్లు ఉన్నారు. ఆ వారమంతా తెలుగు సంఘాల ఫోన్లు ఆగలేదు. నేను కూడా రెండు రాత్రులు ఒక తండ్రితో మాట్లాడాను. ఆయన పొలం తాకట్టు పెట్టి పంపాడు. ఆ రెండు రాత్రులూ 'అక్రమ' అన్న మాట నా నోటికి రాలేదు, ఆయన నోటికీ రాలేదు. 'పిల్లవాడు మోసపోయాడు' అన్నాము. కొందరు మోసపోయారు, కొందరు తెలిసే చేరారు. ఆ తేడా కూడా నాకు తెలుసు.

ఇక 2017 ఫిబ్రవరి 22. కాన్సస్‌లో ఒలేత్. కూచిభొట్ల శ్రీనివాస్, స్నేహితుడు బార్‌లో కూర్చుని ఉంటే ఒకడు వచ్చి మీది ఏ వీసా, అక్రమంగా ఉంటున్నారా అని అడిగాడు. తర్వాత తుపాకీ తెచ్చి కాల్చాడు. శ్రీనివాస్ దగ్గర అన్ని కాగితాలూ ఉన్నాయి. కాల్చినవాడు ఐ-94 చూసి కాల్చలేదు. భర్త చనిపోయిన ఆ రాత్రే ఆయన భార్య స్టేటస్ కూడా పోయింది, ఎందుకంటే ఆమెది ఆయన మీద ఆధారపడిన హెచ్-4. అంత్యక్రియలకు హైదరాబాద్ వెళ్లిన మనిషి తిరిగి రావడానికి అమెరికా కాంగ్రెస్ సభ్యుడొకరు పూనుకోవలసి వచ్చింది. సూటిమాట తమ్ముడూ, ఆ మాట బయట గాలిలో తిరిగేటప్పుడు నీ ప్రయారిటీ డేట్ చూసి పక్కకు తప్పుకోదు.

సూటిమాట
జూన్ 10, ఉదయం 9:20

అన్నగారూ, ఆ సంఘటన నేను మరిచిపోలేదు. నా ఉద్దేశం వేరు. ఎవడో మూర్ఖుడు తేడా తెలుసుకోకపోతే, తేడా చెప్పడం మనం మానేయాలా? తేడా ఇంకా గట్టిగా చెప్పాలి అంటాను.

మామిడిపిందె
జూన్ 10, ఉదయం 11:40

నా తెలుగు ఆదివారం బడి తెలుగు. తప్పులుంటే క్షమించండి.

నేను నాలుగేళ్ల వయసులో హెచ్-4 మీద వచ్చాను. అమ్మానాన్నలు సూటిమాట అంకుల్ లాగే వరుసలో ఉన్నారు. నాకు జనవరిలో 21 నిండుతాయి. 21 నిండితే హెచ్-4 ఉండదు, పిల్లగా గ్రీన్‌కార్డు వరుసలోనూ ఉండను. 2002లో వయసు లెక్కలో కొన్ని నెలలు తగ్గించే చట్టం వచ్చింది, నా లెక్కలో అది సరిపోదు. విద్యార్థి వీసాకు మారుతున్నాను. నేను పెరిగిన ఊళ్లోనే నేను విదేశీ విద్యార్థిని.

నా స్నేహితురాలు మెక్సికో నుంచి మూడేళ్లప్పుడు వచ్చింది, కాగితాలు లేకుండా. చిన్నప్పుడు అలా వచ్చినవాళ్లను పంపించకుండా, పనిచేసుకోనిచ్చే డాకా అనే ఏర్పాటు 2012లో వచ్చింది, దాని వల్ల పనిచేసుకుంటోంది. మా ఇద్దరిలో ఎవరు సక్రమం అని నన్ను ఎవరైనా అడిగితే 'నేను' అంటాను. జనవరి దాకా.

తెనాలి తల్లి
జూన్ 10, మధ్యాహ్నం 12:05

అయ్యో తల్లీ. నీ తెలుగు మా మనవళ్ల తెలుగు కంటే బాగుంది.

పదకోశం
జూన్ 10, సాయంత్రం 5:10

చర్చ నిర్వాహకులు ఆపేలోగా ఇంకొంచెం నా గోల.

ఇంగ్లిషులో చట్టం వాడే మాట 'ఏలియన్'. అమెరికా పౌరుడు కాని ప్రతివాడూ ఏలియనే. హెచ్-1బి ఇంజనీరూ, గ్రీన్‌కార్డు డాక్టరూ. 2021లో అక్కడి ప్రభుత్వం తన వలస విభాగాలను 'పౌరేతరులు' అనమంది, 2025లో ప్రభుత్వం మారగానే పాత మాట తిరిగి వచ్చింది. మన భీమవరం మనిషి యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగింది 1923లో. అదే ఏడాది అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు తెల్లవారు కారు కాబట్టి పౌరసత్వానికి అనర్హులని తీర్పు చెప్పింది. ఆ తలుపు మళ్లీ తెరిచింది 1946లో, అదీ ఏడాదికి వందమంది కోటాతో. సుబ్బారావు 1948లో పోయేనాటికి అమెరికా పౌరుడు కాలేదు. పాతికేళ్లు, ఎన్నో మందులకు కారణమైన మనిషి, చట్టం కాగితాల మీద ఏలియన్.

ఇక మన మాటలు. డల్లాస్‌లో ఉంటే 'ప్రవాసాంధ్రుడు'. దుబాయ్‌లో ఉంటే 'వలస కూలీ'. ఇద్దరూ ఊరు విడిచినవాళ్లే, ఇద్దరూ ఇంటికి డబ్బు పంపేవాళ్లే. పత్రికలో మాత్రం ఒకరికి సంస్కృతం, ఒకరికి కూలీ. ప్రవాసం అన్న మాటకు వీసా నిబంధన ఏమీ లేదు, జీతం నిబంధన ఉంది. ఎడారిబాట గారిని 'ప్రవాస తెలంగాణవాసి' అని నా సర్వీసులో ఒక్కసారి రాసినట్టు గుర్తులేదు.

'శరణార్థి' అంటే శరణు కోరేవాడు. అర్థించేవాడు అర్థి. అంటే ఇంకా దొరకనివాడు. మనం దాన్ని శరణు దొరికినవాడికీ వాడి, దరఖాస్తు చేసినవాడికి మాట లేకుండా చేసుకున్నాం. అమెరికా లెక్కలో బయటినుంచే ఎంపికై వచ్చినవారు వేరు, లోపలికి వచ్చాక లేదా గుమ్మంలో నిలబడి ఆశ్రయం అడిగినవారు వేరు. మొదటివారికి మన దగ్గర ఒక పాత మాట నిక్షేపంలా ఉంది. కాందిశీకులు. 'కాం దిశం', ఏ దిక్కుకు పోను అని పరుగెత్తేవాడు. రంగూన్ నుంచి మనవాళ్లు కట్టుబట్టలతో తిరిగి వచ్చినప్పుడు పెద్దలు ఆ మాటే వాడారు. విశాఖ కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అన్న పేరు ఇంకా మిగిలే ఉంది. ఆ మాటలో నేరం వాసన లేదు, దిక్కుతోచనితనమే ఉంది.

'దేశ బహిష్కరణ' కూడా మానేస్తే బాగుండు. బహిష్కరణ అంటే ఊళ్లో వెలివేయడం. ఇక్కడ జరిగేది తిప్పి పంపడం.

పాతకాపు
జూన్ 10, సాయంత్రం 5:40

ఏలియన్ సంగతి మీరు చెబుతుంటే గుర్తొచ్చింది. గ్రీన్‌కార్డు మీద ఉండే ఏ-నంబరులో 'ఏ' అదే. నేను పౌరసత్వం తీసుకునేదాకా పద్నాలుగేళ్లు ఆ అక్షరాన్ని జేబులో పెట్టుకుని తిరిగాను. పన్ను కాగితాల్లో అయితే 'రెసిడెంట్ ఏలియన్'. మా ఆవిడ మొదటిసారి చదివి ఫారం పక్కన పెట్టి నవ్వింది.

తెనాలి తల్లి
జూన్ 10, రాత్రి 8:15

చట్టంపేజీ అమ్మా, ఉన్నావా?

అబ్బాయి ఐ-94 చూశాడు. అందులో తేదీ 2025 మే 20 అని ఉందట. కంపెనీ కాగితం మీద 2026 డిసెంబరు అని ఉంది. వెబ్‌సైటులో తప్పు పడి ఉంటుందని వాడు అంటున్నాడు, కానీ గొంతు మారింది. ఇవాళ పది. ఇరవై రోజులు దాటింది కదా.

చట్టంపేజీ
జూన్ 10, రాత్రి 8:22

ఉన్నాను అమ్మగారూ. ఒక్క ప్రశ్న. నిరుడు ఫిబ్రవరిలో తిరిగి వెళ్లేటప్పుడు పాత పాస్‌పోర్టు గడువు ఎప్పటి వరకు ఉంది?

తెనాలి తల్లి
జూన్ 10, రాత్రి 8:31

ఫోటో చూశాను. మే 20, 2025. కానీ వాడు నిరుడు ఆగస్టులోనే అక్కడ కొత్త పాస్‌పోర్టు తీసుకున్నాడమ్మా.

చట్టంపేజీ
జూన్ 10, రాత్రి 9:00

అదే జరిగింది. పాస్‌పోర్టు గడువు ముందే ముగిసేలా ఉంటే సరిహద్దు అధికారి ఐ-94ను అక్కడికే కత్తిరిస్తారు. తర్వాత కొత్త పాస్‌పోర్టు తీసుకున్నా ఐ-94 దానంతట అది పెరగదు. కంపెనీ ఆమోదపత్రం వచ్చాక అతను దేశం దాటి తిరిగి ప్రవేశించాడు కాబట్టి, చివర ఇచ్చిన తేదీదే పైచేయి. ఎంతోమంది ఇలాగే జారిపడతారు, మా దగ్గరికి నెలకు ఒకరైనా వస్తారు.

భయపెట్టడం లేదు, కానీ మెత్తగా చెప్పినా నష్టమే. మే 21 నుంచి అతనికి స్టేటస్ లేదు. రేపు ఉదయమే కంపెనీ న్యాయవాదికి చెప్పాలి. వారు చెప్పేదాకా పని ఆపాలి, గడువులోగా వేసిన పొడిగింపు దరఖాస్తుకు ఉండే పని వెసులుబాటు ఆలస్యంగా వేసినదానికి ఉండదు. మామూలుగా దారులు రెండు. ఆలస్యానికి కారణం వివరిస్తూ పొడిగింపు దరఖాస్తు వేసి మన్నించమని అడగడం. ఇది అధికారి విచక్షణ. లేదా ఇండియాకు వచ్చి హైదరాబాద్‌లో స్టాంపింగ్ చేయించుకుని తిరిగి వెళ్లడం. ఐ-94 గడువు దాటినవారు స్వదేశంలోనే దరఖాస్తు చేయాలి. ఏది మేలో న్యాయవాదే చెప్పాలి.

180 రోజులు దాటకముందే బయటపడితే, మళ్లీ అడుగుపెట్టకుండా వేసే మూడేళ్ల నిషేధం పడదు. ఏడాది నిండితే పదేళ్లు. విచిత్రమేమిటంటే ఆ నిషేధం ఉన్నంతసేపు కనిపించదు, దేశం దాటినప్పుడే తగులుతుంది. 1996 చట్టం అది. మీవాడికి ఇంకా చాలా సమయం ఉంది. కంగారు వద్దు, ఆలస్యం కూడా వద్దు.

సూటిమాట
జూన్ 10, రాత్రి 9:25

అమ్మగారూ, నాకు తెలిసిన న్యాయవాది ఒకరు డల్లాస్‌లోనే ఉన్నారు. మీకు వ్యక్తిగత సందేశం పంపాను. ఉదయం ఎనిమిదికి నా పేరు చెప్పి ఫోన్ చేయమనండి, సొమ్ము సంగతి తర్వాత చూద్దాం. పిల్లవాడి తప్పేమీ లేదు ఇందులో. తేదీ చూసుకోలేదు, అంతే.

ఎడారిబాట
జూన్ 10, రాత్రి 9:40

నిజమే అన్నా. తేదీ చూసుకోలేదు, అంతే.

సూటిమాట
జూన్ 10, రాత్రి 9:48

ఎడారిబాట తమ్ముడూ, మీరు దేనికి అన్నారో అర్థమైంది. నేను కంచె దూకినవాళ్ల గురించి మాట్లాడాను, దీని గురించి కాదు. రెండూ ఒకటని ఇప్పటికీ అనను.

మీది మాత్రం వేరు. మీ పోస్టు నిన్న చదివినప్పుడే సమాధానం రాద్దామని మొదలుపెట్టి చెరిపేశాను.

ఇంకో సంగతి. నా ఐ-94 ఇప్పుడే తీసి చూశాను. మా ఆవిడది కూడా. ఆవిడ పాస్‌పోర్టు వచ్చే మార్చిలో ముగుస్తుంది, ఐ-94 కూడా అదే తేదీకి ఉంది. పదకొండేళ్లుగా ఈ కాగితాలతోనే బతుకుతున్నాను, నాకు తెలియదు.

నిర్వాహకుడు
జూన్ 11, ఉదయం 7:10

చట్టంపేజీ గారి జూన్ 10 రాత్రి 9:00 సమాధానాన్ని పైన అతికించాను, అందరూ తమ తేదీలు చూసుకోండి. ఇది న్యాయసలహా కాదు. శీర్షికలో 'అక్రమంగా' అన్న మాట మార్చమని ఇద్దరు కోరారు. తెనాలి తల్లి గారి అనుమతి లేకుండా మార్చను.

తెనాలి తల్లి
జూన్ 13, ఉదయం 6:15

అందరికీ దండాలు. అబ్బాయి సూటిమాట గారి న్యాయవాదితో మాట్లాడాడు, కంపెనీ న్యాయవాదితోనూ మాట్లాడాడు. ఇద్దరూ వచ్చేసి స్టాంపింగ్ చేయించుకోవడమే మేలన్నారు. వచ్చే వారం బయలుదేరుతున్నాడు. అంతవరకు జీతం లేని సెలవు. స్టాంపింగ్ తేదీ ఇంకా దొరకలేదు, దొరికేదాకా ఇంట్లోనే ఉంటాడు. నాకు అది మాత్రం చేదు కాదు.

శీర్షిక అలాగే ఉంచండి బాబూ. నేను ఆ రాత్రి అడిగింది ఆ మాటతోనే కదా, ఇంకొకరు అదే మాటతో వెతికినా ఇక్కడికే వస్తారు.

పక్కింటాయన నిన్న గోడ మీదుగా అడిగారు, ఏమైందమ్మా అని. గడువు దాటింది, ఇంటికి వస్తున్నాడు అన్నాను. ఆయన అనుకున్నదే నిజమైందన్నట్టు తల ఊపారు. కాదండీ, మీరు చూసిన తేదీ కాదు, వేరే తేదీ అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. మిరపకాయ బజ్జీలు వేసి పంపాను.

పెళ్లివారికి దాచకూడదని బయోడేటాలో వీసా అన్న గడిలో ఉన్నది ఉన్నట్టు రాశాను: 'హెచ్-1బి, ఐ-94 గడువు మే 20న ముగిసింది, స్టాంపింగ్ కోసం వస్తున్నాడు.' ఐ-94 అంటే ఏమిటని వాళ్లు అడిగారు. ఈ చర్చ పంపాను. అమ్మాయి తండ్రి రాత్రి ఫోన్ చేశారు. వాళ్ల పెద్దల్లుడిది సియాటిల్‌లో ఐ-94 తేదీ చూస్తే జూలై నాలుగట.

చట్టంపేజీ
జూన్ 13, ఉదయం 6:50

ఇవాళే న్యాయవాదిని కలవమనండి. ఇంకా మూడు వారాలు ఉన్నాయి.